కోట గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు

మొన్న శుక్రవారం సాయంత్రం మా పక్క ఫ్లాట్ కుర్రాడు తలుపు కొట్టాడు. హైదరాబాద్ పిల్లాడు, ఇక్కడ జర్మనీలో మా ఊరి పక్కనే ఎష్‌బోర్న్‌లో ఆఫీసు, పెళ్ళయి రెండేళ్ళు. చేతిలో ఫోను, ఫోనులో రంగురంగుల పట్టిక.

"ఆంటీ, రేపు మూడు క్యాజిల్స్, ఒక కథీడ్రల్. ఎయిట్ ఫార్టీకి స్టార్ట్ అయితం. ఒక్కోదానికి ఫిఫ్టీ మినిట్స్ పెట్టిన. కార్ల ప్లేస్ ఉంది, మీరు గూడ రండి."

"ఏమిటయ్యా ఆ పరుగు? కోటలు ఎక్కడికైనా పారిపోతాయా?" అన్నాను.

"అవి పోవు ఆంటీ, మేమే పోతం. ప్రాజెక్ట్ ఎన్నాళ్ళో, బ్లూ కార్డ్ వీసా ఎన్నాళ్ళో. ఉన్నప్పుడే చూసెయ్యాలె గదా."

మోకాలు నొప్పని అబద్ధం చెప్పి పంపేశాను. ఆ తర్వాత నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు. సర్దిన బీరువానే మళ్ళీ సర్దాను. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి పొంగబెట్టాను. ఆ పిల్లాడు అన్నది మా నాన్న మాట. యాస తేడా, అంతే.

మా నాన్న డాక్టరు. బ్రెమెన్‌కి ఒక గంట దూరంలో ఉన్న చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసేవాడు. నాకు నాలుగేళ్ళున్నప్పుడు అమ్మా నేనూ ఆయన దగ్గరికి వచ్చాం. రెండేళ్ళుండి వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళం. ఆ రెండేళ్ళు అయిపోయాక ఇంకో రెండేళ్ళు అన్నాడు. "వచ్చే ఏడు వెళ్ళిపోతాంగా" అనేది మా ఇంట్లో ఉప్పూ కారం లాంటి మాట, ప్రతి దాంట్లోనూ పడేది. కర్టెన్లు కొందామని అమ్మ అంటే, "వచ్చే ఏడు వెళ్ళిపోతాంగా, ఎవడు మోస్తాడు?" అనేవాడు. అందుకని మా కిటికీలకి అమ్మ పాత వాయిలు చీరలు వేలాడేవి. గాలి వేస్తే వీధిలో పోయే ముసలమ్మలు ఆగి మరీ చూసేవాళ్ళు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది.

వెళ్ళిపోయేవాళ్ళం కాబట్టి చూడాల్సినవన్నీ చూసెయ్యాలి. అదీ నాన్న లెక్క. ఎండాకాలం వస్తే చాలు, శనివారాలు మాకు సెలవు కాదు, డ్యూటీ. ఆసుపత్రి మందుచీటీ కాగితం వెనక మూడు పేర్లు రాసుకునేవాడు. ఒక కోట, ఒక చర్చి, ఇంకో కోట. ఒకటి చూడగానే పెన్ను తీసి దాని మీద గీత కొట్టేవాడు. మేమింకా మెట్లు దిగుతుండగానే కారు స్టార్టు చేసి ఉంచేవాడు. అమ్మ ఏ బొమ్మ ముందైనా రెండు నిమిషాలు నిలబడితే, "చూశావుగా, పద" అనేవాడు. అమ్మ పోవలసిందే. ఆవిడ చూపు ఇంకా గోడ మీదే ఉండేది, కాళ్ళు మాత్రం నడిచేవి.

మాతో పాటు బాబాయి, పిన్ని వచ్చేవాళ్ళు. సొంత బాబాయి కాదు. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇంజనీరు, వరంగల్ వైపు మనిషి. అప్పట్లో మాకు అందుబాటులో తెలుగువాళ్ళు వాళ్ళే. శుక్రవారం సాయంత్రానికే రైలెక్కి మా ఇంటికి వచ్చేసేవాళ్ళు. రాత్రి అన్నాల దగ్గర మొదలైన వాళ్ళ కబుర్లు పొద్దున కారులోనూ సాగేవి. ఎవరి చెల్లెలి పెళ్ళి కుదిరింది, ఎవరి ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయింది, వంకాయలు ఎక్కడ దొరుకుతున్నాయి. బాబాయి నోట్లో మాట ఆగేది కాదు.

పిన్ని అమ్మతో పాటు తెల్లారగట్లే లేచి పులిహోర కలిపేది. సన్న బియ్యం ఎక్కడ దొరికేవి? పాయసం చేసుకునే పొట్టి బియ్యమే గతి. ఎంత జాగ్రత్తగా వండినా ముద్దయిపోయేది. ఊరి నుంచి వచ్చిన చింతపండు దాచుకుని దాచుకుని వాడేది అమ్మ. అది అయిపోతే నిమ్మకాయ. కరివేపాకు లేని పులిహోర తిని పెరిగినదాన్ని కాబట్టి నాకదే రుచి. ఆవకాయ సీసా డిక్కీలో మూత వదులై, ఎండకి కారంతా నూనె, ఆవపిండి, పెట్రోలు కలిసిన వాసన వచ్చేది. వేడెక్కిన రెక్సిన్ సీటుకి నా తొడలు అతుక్కుపోయేవి. వెనక అమ్మా, నేనూ, పిన్ని. ముందు బాబాయి మ్యాపు పట్టుకుని తప్పు దారులు చెబుతుండేవాడు.

"ఏం రాజులో ఏమో వదినా," అనేవాడు వెనక్కి తిరిగి. "నూట ఇరవై రూములట. ఊడ్వనీకె ఎంతమంది గావాలె? ఇద్దరున్న మా ఇంట్లనే చీపురు వట్టుకునెటోళ్ళు లేరు."

పిన్ని వెనక నుంచి వీపు మీద ఒకటి వేసేది.

ఇక ఆ శనివారం సంగతి. ఆ వేళ కారులో నవ్వులు తక్కువ. కారణం నాన్న చొక్కా జేబులో ఉంది. మన వైపు ఒక పట్నంలో కొత్తగా కట్టిన ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది, ఉద్యోగం ఇస్తాం రమ్మని. నాన్న వస్తున్నానని జవాబు రాసి, కవరు అంటించి, స్టాంపు వేసి జేబులో పెట్టుకున్నాడు. డబ్బాలో వేయడమే మిగిలింది. ఇంకో పక్క మా ఇంట్లో ఫ్రిజ్ మీద నా పైస్కూలు ఫారం ఉంది. ఇక్కడ చిన్న బడి నాలుగో తరగతితోనే అయిపోతుంది, తర్వాత ఏ బడిలో చేరతానో తండ్రి సంతకం పెట్టి పంపాలి. క్లాసులో అందరివీ వెళ్ళిపోయాయి. నాదొక్కదానికే టీచరు సోమవారం దాకా గడువిచ్చింది. నాకు ఇక్కడి బడి కావాలి, నా స్నేహితురాలి పక్క బెంచీ కావాలి. తెలుగులో నా పేరు రాయడం కూడా సరిగ్గా రాదు, అక్కడికి పోయి ఏ క్లాసులో కూర్చుంటాను? పదేళ్ళ పిల్లకి అంతకంటే పెద్ద కష్టం ఉండదు.

పొద్దున బయల్దేరేటప్పుడు ఫారం తెచ్చి నాన్న ముందు పెట్టాను.

"ఇక దాంతో పనేముందమ్మా" అన్నాడు, షేవింగ్ చేసుకుంటూ, అద్దంలోంచి.

అమ్మ టిఫిను డబ్బాలకి గుడ్డ చుడుతోంది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనేది కాదు, అదే నాకు మండింది.

దారిలో ప్రతి ఊళ్ళోనూ పసుపు రంగు పోస్టు డబ్బా ఒకటి కనబడేది. కనబడ్డప్పుడల్లా కారు ఆగుతుందేమోనని చూసేదాన్ని. మొదటి కోట దగ్గర బాబాయి అన్నాడు కూడా, "అన్నా, గీడనే ఉంది డబ్బా, ఏసెయ్యరాదు?" అని. "చూసొచ్చాక వేద్దాంలే" అన్నాడు నాన్న. చూసి వచ్చాక మరిచిపోయాడు. చర్చి దగ్గరా అంతే. నేను మాత్రం మరవలేదు. ఇంకెన్ని డబ్బాలు వస్తాయో అని కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను.

మూడో చోటికి చేరేసరికి నాలుగున్నర దాటింది. కోట అంటున్నాను గానీ అది ఒక పాత జమీందారు మేడ లాంటిది, పేరు కూడా గుర్తులేదు. చుట్టూ తోట, మేడ చుట్టూ, గేటు దాకా పదునైన కంకర పరిచిన దారి, గేటు అవతల చిన్న ఊరు. గేటు పక్కనే పోస్టు డబ్బా. గైడు వెంట వెళ్ళే ఆఖరి బృందం ఐదింటికి అన్నారు. నాన్న కారు పెట్టడానికి వెళ్ళాడు, బాబాయి టికెట్ల వరుసలో నిలబడ్డాడు. అమ్మా పిన్నీ నేనూ గుమ్మం దగ్గరికి వెళ్ళాం.

గుమ్మం లోపల పెద్ద చెక్క పెట్టె, దాని నిండా దళసరి ఉన్ని చెప్పులు. ఒక్కోటి చాట అంత ఉంది. చెక్క నేల గీతలు పడకుండా, వచ్చినవాళ్ళు బూట్ల మీదే వాటిని తొడుక్కుని జారుకుంటూ నడవాలి. ఆ మాట మా వాళ్ళకి తెలియదు. గుమ్మం కనబడింది, పక్కన చెప్పులు కనబడ్డాయి. అమ్మా పిన్నీ ఇద్దరూ ఆలోచించకుండా తమ చెప్పులు విప్పి, గోడ వారగా బల్ల కింద జతగా పెట్టేశారు. పిన్ని వంగి నావి కూడా విప్పింది.

చెప్పులిచ్చే ముసలాయన పరుగున వచ్చాడు. వాళ్ళిద్దరికీ జర్మన్ అంతంత మాత్రం, అందుకని నాతో అన్నాడు. "పాపా, విప్పొద్దని చెప్పు. వాటి మీదే వేసుకోవాలి. బయటికి వెళ్ళే తలుపు అటు తోట వైపుంది. మళ్ళీ ఇటు రారు." నేను తలూపాను. అటు వరుసలో ఎవరో పిలిస్తే వెళ్ళబోయి, వెనక్కి తిరిగి ఇంకోసారి చెప్పాడు.

"ఏమంటున్నాడే?" అంది అమ్మ.

పొద్దున్నుంచీ వాళ్ళకి అన్నీ నేనే చెప్పాలి. మరుగుదొడ్డి ఎక్కడ, టికెట్టు ఎంత, ఈ బొమ్మలో ఉన్నది ఎవరు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. వీళ్ళకి నా మాటలు కావాలి, నా బడి అక్కర్లేదు.

"ఏం లేదు, తొందరగా రమ్మంటున్నాడు" అన్నాను. కావాలనే అన్నాను. ఇందులో పొరపాటేమీ లేదు.

ఇంతలో బాబాయి, వెనకాలే నాన్న రొప్పుతూ వచ్చారు. గుమ్మం పక్క మూడు జతల చెప్పులు వరుసగా కనబడేసరికి, జర్మన్‌లో రోగులకి ఆపరేషన్ల సంగతి విడమరచి చెప్పే మా నాన్న కూడా ఒక్క ముక్క అడక్కుండా బూట్లు విప్పి, మేజోళ్ళు అందులో కుక్కి, అమ్మ చెప్పుల పక్కన పెట్టాడు. బాబాయి కూడా. మిగతా వాళ్ళు మా బోసి కాళ్ళ వంక చూస్తున్నారు. నాన్నకి అదేం పట్టలేదు, గడియారం చూసుకుంటున్నాడు.

లోపల ఏం చూశామో నాకు గుర్తులేదు. నేల మైనం వాసన, పాత చెక్క వాసన. ఆ ఉన్ని చెప్పుల్లో నేనూ బాబాయీ ఒక గది ఈ చివర నుంచి ఆ చివరికి జారాం, గైడు కోప్పడింది. పిన్ని నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఖరి గదిలో గైడు మా ఉన్ని చెప్పులన్నీ ఒక పెట్టెలో వేయించుకుని, మమ్మల్ని తోటలోకి పంపి, వెనక తలుపు గడియ పెట్టుకుంది. మిగతా వాళ్ళు బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయారు.

మేము ఐదుగురం బోసి కాళ్ళతో గడ్డి మీద నిలబడ్డాం.

ముందు గుమ్మానికి వెళ్ళాలంటే ఆ కంకర మీదే నడవాలి. అమ్మో అయ్యో అనుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పెద్ద తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే బల్ల కింద మా చెప్పులు ఐదు జతలు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. తలుపు బాదాం. ఎవరూ పలకలేదు.

"తిరుపతికి పోతె చెప్పులు పోతయని మా అమ్మ అనేది," అన్నాడు బాబాయి. "జర్మనీల గూడ పోతయని ఎవ్వలు జెప్పలే."

నాన్న నవ్వలేదు. గేటు దాకా వెళ్ళాలని నాలుగడుగులు వేశాడు. మెత్తటి కాళ్ళు ఆయనవి, ఏళ్ళ తరబడి బూట్లలో ఉన్నవి, మేడ చుట్టూ తిరిగేసరికే కమిలిపోయాయి. ఐదో అడుగుకి ఆగిపోయాడు. చివరికి బాబాయే రెండు చేతిరుమాళ్ళు కాళ్ళకి కట్టుకుని ఊళ్ళోకి బయల్దేరాడు. వెనక నుంచి చూస్తే కుంటి కొంగలా ఉన్నాడు. మేము వెనక్కి తోటలోకి వచ్చాం. పిన్నీ నేనూ నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. అమ్మా నాన్నా కాస్త దూరంలో గడ్డి మీద కూర్చున్నారు. నాన్న అలా నేల మీద ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. రెండు నిమిషాలకోసారి లేచేవాడు, కంకర అంచు దాకా వెళ్ళేవాడు, వచ్చి కూర్చునేవాడు.

"ఇక తిరగకండి. కూర్చోండి" అంది అమ్మ.

కూర్చున్నాడు.

"నన్ను ఒక్కసారైనా అడిగారా?" అంది. గొంతు పెంచలేదు. అయినా మాకు వినబడింది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఏమిటి అడిగేది?"

"జేబులో పెట్టుకు తిరుగుతున్నారే, అది."

"మనం వెళ్ళిపోదామనేగా వచ్చింది."

"మీరు వచ్చింది అలా. నన్ను తెచ్చింది మీరు. ఆరేళ్ళు. ఒక కర్టెను కొననివ్వలేదు, ఒక కుర్చీ కొననివ్వలేదు. పెట్టె మీద కూర్చున్నట్టే కూర్చున్నాను. పోదామనుకున్న ప్రతిసారీ నేను కూడా సర్దుకున్నాను, మనసులో. ఇంక నా వల్ల కాదండీ."

నాన్న గడ్డి పీకుతున్నాడు. మామూలుగా అయితే ఈపాటికి లేచి, టైమవుతోంది పదండి అనేవాడు. లేచి ఎక్కడికి పోతాడు? చుట్టూ కంకర. తొట్టిలో నా కాళ్ళు చల్లబడి తిమ్మిరెక్కాయి, అయినా కదిలితే ఎక్కడ ఆపేస్తారోనని కదల్లేదు.

"సరే, ఇప్పుడడుగుతున్నా," అన్నాడు. "ఏం చేద్దాం?"

"ఉందాం" అంది అమ్మ.

ఆ ఒక్క మాట అని, ఆవిడ ఏడ్చింది. నాన్న భుజం మీద చెయ్యి వేయబోయి, మమ్మల్ని చూసి ఆగాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పిన్ని మొహం చూసి ఊరుకున్నాను. ఆవిడ కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

గంటన్నర తర్వాత బాబాయి వచ్చాడు, వెనకాల సైకిలు మీద ఆ ముసలాయన. అన్నం ముందు నుంచి లేచి వచ్చినట్టున్నాడు, గొణుక్కుంటూ తాళం తీశాడు. మా చెప్పులు ఇచ్చి, నాన్నతో అన్నాడు, "అయ్యా, నేను ఈ పాపకి రెండుసార్లు చెప్పానండీ." జర్మన్‌లో అన్నాడు. అమ్మకి అర్థం కాలేదు. నాన్నకి అయింది.

నాన్న నా వంక చూశాడు. నా చెవులు వేడెక్కాయి. దెబ్బ పడుతుందనుకున్నాను.

"ఆ, చెప్పింది," అన్నాడు ముసలాయనతో. "నేనే వినిపించుకోలేదు. మన్నించండి."

అని వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. గేటు పక్క డబ్బా దాటుతున్నప్పుడు కారు ఆగలేదు. సోమవారం పొద్దున నా ఫారం మీద సంతకం ఉంది. ఆ కవరు ఏమయిందో ఎవరూ అడగలేదు. ఆ శనివారం గురించి నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

అమ్మ ఆ వారమే ఆకుపచ్చ కర్టెన్లు కొంది. తర్వాత కుర్చీలు, ఆ తర్వాత ఇల్లు. రెండేళ్ళు తిరక్కుండానే బాబాయి వాళ్ళు వరంగల్ వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాం. ఉండిపోయేవాళ్ళకి తొందరేముంది? ఎండాకాలాలు వచ్చాయి, పోయాయి. ఎక్కడికైనా పోదాం నాన్నా అంటే, "చూద్దాంలే, ఎక్కడికి పోతాయి" అనేవాడు. శనివారాలు తోటలో గడ్డి కోసుకునేవాడు. ఆ తర్వాత మా ఇంట్లోంచి మందుచీటీ వెనక పేర్లు రాసుకుని ఏ కోటకీ ఎవరూ బయల్దేరలేదు. ముద్ద పులిహోర కూడా మానేశాం, మంచి బియ్యం దొరికాయి కాబట్టి. తెల్లారగట్ల హారను కొట్టి అందర్నీ తరిమే ఆ మనిషి మెల్లగా, నెమ్మదైన, మంచి ముసలాయన అయిపోయాడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, నాకు కావలసినట్టే బతికాను. కాదంటే కళ్ళు పోతాయి.

ఆయన పోవడానికి ముందు ఏడాది, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అమ్మ బజారుకి వెళ్ళింది. బాల్కనీలో నాన్నా నేనూ. ఎన్నేళ్ళుగానో మింగలేక కక్కలేక దాచుకున్నది అప్పుడు అడిగేశాను.

"నాన్నా, ఆ ముసలాయన నాకు చెప్పాడని నీకు తెలుసు. ఎందుకు అబద్ధమాడావు?"

ఏ ముసలాయన అని అడగలేదు.

"పదేళ్ళ పిల్లవి. అంత పెద్ద విషయం నీ నెత్తిన ఎలా పెడతాను?"

"నేను చెప్పుంటే వెళ్ళిపోయేవాళ్ళమా?"

"వెళ్ళిపోయేవాళ్ళం." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ గేటు దగ్గర డబ్బాలో వేసేవాణ్ణి. నడిచి వెళ్ళగలిగితే."

"వెళ్ళుంటే బావుండేదా?"

"మీ అమ్మకి బావుండేది కాదు. నీకూ బావుండేది కాదు."

"మరి నీకో?"

నా వైపు తిరిగాడు. ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదని నాకప్పుడు తెలిసింది. అమ్మా అడగలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో అడగాల్సింది ఆయన్ని కాదని అందరం అనుకున్నాం.

"నాకు బావుండేదమ్మా" అన్నాడు నాన్న.

కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. ఎవరైనా దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. కింద అమ్మ సంచులు మోసుకుంటూ వస్తోంది. నాన్న లేచి, నెమ్మదిగా మెట్లు దిగి, ఆవిడ చేతిలోంచి సంచులు తీసుకున్నాడు. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను.